ఏడ్చినోళ్లకు చప్పట్లు

చచ్చినవాళ్ల పాటకు అంత పెద్ద ఫ్లెక్సీ కడతారని కృపాకర్‌కు తెలియదు. జనగామ బస్టాండు ముందు, కోచింగ్ సెంటరు ఫ్లెక్సీకీ మోకాళ్ల నొప్పుల డాక్టరు ఫ్లెక్సీకీ నడుమ దాన్ని కట్టారు. ఒక మూల శిలువ, ఇంకో మూల వయొలిను. ‘మూడు జిల్లాల సంఘ గాయకుల సంగీత సభ. మొదటి భాగం రెక్వియెమ్, రెండో భాగం శోకం’ అని నడుమ రాశారు. పాడేవాళ్ల ఫొటో అడుగున ఎక్కడో ఉంది. అందులో ఎవరి మొహం ఎవరిదో వాళ్ల తల్లులు కూడా పోల్చుకోలేరు. మిగిలిన జాగా అంతా తెల్లచొక్కా వేసుకుని చేతులు జోడించిన నాయకుడు హన్మంత్ పటేల్‌దే.

కృపాకర్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

“ఎరుకలేనోడు సూస్తే సచ్చింది పటేలే అనుకుంటడు గదనే అన్నా,” అన్నాడు పక్కన నడుస్తున్న వాల్యా.

“గంత మంచిరోజు మనకెక్కడిది,” అన్నాడు కృపాకర్.

వాల్యాది మహబూబాబాద్ పక్కన తండా. స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు, ఆదివారం చర్చిలో పాడతాడు. కృపాకర్‌ది రేగొండ. ఏడో తరగతిలో బడి మానేసి ఒక మేస్త్రీ దగ్గర చేరిన నాటి నుంచి కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ చుట్టడమే అతని పని. దేవుడు అతనికి చదువివ్వలేదు, సొమ్ము ఇవ్వలేదు, ఉన్న ఒక్క కొడుకును ఉంచలేదు. గొంతు మాత్రం ఇచ్చాడు, అదీ పాతాళంలో నుంచి వచ్చేటంత లోతుది. ఆ గొంతు కోసమే జ్యోత్స్న అతన్ని వెతుక్కుంటూ రేగొండ దాకా వచ్చింది.

జ్యోత్స్న జనగామ పిల్ల. తండ్రి పంతులు. చెన్నైలో సంగీతం చదివి వచ్చి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చర్చిల్లో పాడేవాళ్లను ఏరి ఒక్కచోట చేర్చింది. రెక్వియెమ్ అంటే చచ్చినవాళ్లకు నెమ్మది ఇమ్మని దేవుణ్ణి అడిగే పాత లాటిన్ పాట అని, ఐరోపాలో పెద్దపెద్ద చర్చిల్లో పాడతారని చెప్పింది. దాని పక్కన మన పాట కూడా ఒకటి పెడతానంది. ఆ మన పాట ఏదో ఆమెకు దొరికింది కృపాకర్ కొడుకు సమాధి దగ్గరే.

హరీష్ పోయి అప్పటికి ఏడాది. బాగుచేసిన మోటరును రైతుకు అప్పజెప్పి బండి మీద వస్తుంటే, టేకుమట్ల అవతల మలుపులో ఇసుక లారీ గుద్దింది. ఆ దిక్కున లారీలను నంబర్లతో ఎవరూ పిలవరు. ముందు అద్దం మీద ఏ పేరు రాసి ఉంటే అదే పేరు. గుద్దిన లారీ మీద ‘సాహితి’ అని ఎర్ర రంగుతో ఉంది. సాహితి హన్మంత్ కూతురు. ఆయన ఇసుక లారీలన్నింటి మీదా ఆ పేరే. రోడ్డు పక్కన గొర్లు కాసేవాళ్లు చూశారు, కోళ్ల షెడ్డు వాళ్లు చూశారు. పోలీసు కాగితంలో మాత్రం ‘గుర్తు తెలియని వాహనం’ అని పడింది. ఊరంతటికీ గుర్తున్నది కాగితానికి గుర్తులేదు.

కృపాకర్ తల్లి యాదమ్మకు కాగితంతో పనిలేదు. మనవడి శవం మీద పడి ఆమె శోకం తీసింది. వాడు పుట్టిన నాటి నుంచి పోయిన పొద్దు దాకా రాగం మీద చెప్పుకుంటూ వచ్చి, లారీ పేరు పెట్టి, పటేల్ పేరు పెట్టి ఏడ్చింది. శోకంలో అన్న మాటను ఎవరూ తగవుకు తేకూడదు. ఎంత పెద్దవాడైనా విని తల దించుకోవాల్సిందే. ఏడాది తిరిగిన నాడు సమాధి దగ్గర ప్రార్థన పెట్టుకుంటే ఆమె మళ్లీ అదే శోకం తీసింది. కృపాకర్‌తో మాట్లాడటానికి వచ్చిన జ్యోత్స్న విని, నిలబడలేక మట్టిలో కూర్చుంది. తర్వాత అడిగింది, ఈ శోకాన్ని పాటగా రాసుకోనిస్తారా అని.

“రాసుకో మేడం. గని ఒక్క మాట గూడ తియ్యద్దు. మొత్తం పాడాలె,” అన్నాడు కృపాకర్.

“ప్రామిస్ అన్నా,” అందామె.

అతను ఆ మాట పట్టుకునే ఏడాది పాటు బస్సులు మారి మారి జనగామకు వచ్చాడు. పరకాల, హన్మకొండ, జనగామ. తెలుగు అక్షరాల్లో రాసిచ్చిన లాటిన్‌ను మోటర్లకు తీగ చుడుతూ చుడుతూ నోటికి తెచ్చుకున్నాడు. షెడ్డుకు వచ్చిన రైతులు, ‘ఏందిరా కృపాకరూ, మంత్రాలు నేర్సినవా’ అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. మూడు జిల్లాల జనం ముందు, మైకులో, నలభై మంది ఒక్క గొంతుతో ఆ లారీ పేరు పాడతారు. స్టేషన్‌లో ఎవరూ రాసుకోని మాట అందరి చెవుల్లో పడుతుంది. అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ మనిషే ఫ్లెక్సీ మీద నుంచి దండం పెడుతున్నాడు.

*

ఆరోజు చివరి రిహార్సల్. కృపాకర్ వెళ్లేసరికి కొత్తగా అచ్చేసిన కాగితాలు పంచుతున్నారు. అతను నిలబడినచోటే రెండో భాగం కాగితం తిప్పాడు. పొద్దున బండి తుడిచిన మాట ఉంది. అవ్వకు చెప్పి పోయిన మాట ఉంది. లారీ రావాల్సిన చోట మాటలు లేవు, గీత గీసి ఉంది. కింద ‘నోరు మూసి ఊఁ’ అని రాసి ఉంది.

“ఇదేంది మేడం?”

జ్యోత్స్న తప్పించుకోలేదు. పక్కకు తీసుకుపోయింది.

“అన్నా, జర సమజ్ చేస్కో. హాలు ఆయన బామ్మర్దిది. వయొలిన్లోళ్లను హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నది ఆయనే. సంఘాలు తలో చెయ్యి వేస్తమన్నయ్, ఆఖరుకు ఎవరూ వెయ్యలే. నేను ఎక్కడెక్కడ తిరిగిన్నో నీకెరుకలే.”

“అడిగిండా ఆయన, తీసెయ్యమని?”

“ఆయన అడగలే. ఆయన మనుషులు పాట కాగితం అడిగి తీసుకపోయిన్రు. తెల్లారి ఫోన్ చేసి, అన్న పేరు, బిడ్డ పేరు ఎందుకులే మేడం, మంచి ప్రోగ్రాం గద అన్నరు. గంతే.” ఆమె కాగితంలో గీత మీద వేలు పెట్టింది. “నేను మస్తు ఆలోచించిన. మాట లేనప్పుడే వినేటోళ్లకు ఎక్కువ తెలుస్తది అన్నా. అందరు ఒక్కసారి నోరు మూసుకుని ఊఁ అంటుంటే ఒళ్లు జలదరిస్తది.”

“మోటరు పట్టేసి తిరగకపోతే గిట్లనే ఊఁ అంటది మేడం,” అన్నాడు కృపాకర్. “జరసేపైతే కాలుతది.”

ఆమె మొహం ఎర్రబడింది. తిట్టలేదు, ఏడ్వలేదు. “ప్రోగ్రామే వద్దంటవా చెప్పు, ఇప్పుడే ఆపేస్త,” అంది. ఆమె నిజంగానే ఆపేసేటట్టుంది. అదే అతనికి ఎక్కువ మండింది. తప్పు తన నెత్తిన పెడుతోంది.

“పాడుత మేడం,” అన్నాడు.

బయట చాయ్ తాగుతుంటే వాల్యా కదిపాడు. “నువ్వు ఒప్పుకున్నవంటే నాకు నమ్మబుద్ధి అయితలేదే. ఏం కత?”

“అందరు ఊఁ అంటరు గద. నేను నోరు తెరుస్త. ఆ పేరు నేనొక్కన్నే పాడుత. నా గొంతు మీద ఎవడు చెయ్యి పెడ్తడో సూస్త.”

వాల్యా గ్లాసు కింద పెట్టాడు. “పటేలు ముందల కూసుంటడే.”

“కూసోవాలనే.”

“తర్వాత నీ షెడ్డుకు మోటరు ఒక్కటి రాదు.”

“రాకపోతే రాకపాయె. కొడుకే రాకపాయె.”

*

ఇంటికి వచ్చాక కృపాకర్ తల్లికి గీత సంగతి చెప్పలేదు. యాదమ్మ అప్పటికే ముచ్చట వాడంతా తిప్పింది. తన శోకాన్ని చదువుకున్న పిల్లలు పాడతారట, జనగామలో పెద్ద ప్రార్థనట. మంగళవారానికే పక్కింటి వజ్రమ్మ వాడలో మిగతా ఆడవాళ్లను పోగుచేసింది. వాళ్లు పోవడానికి డీసీఎం వ్యాను కూడా వస్తుందని తెలిసింది. పంపేది హన్మంత్ మనుషులే. హాలు నిండాలి కదా. మీటింగులకు జనాన్ని ఎట్లా తోలుకుపోతారో అట్లాగే, ఎక్కేటప్పుడు మంచినీళ్ల సీసా, దిగేటప్పుడు బిర్యానీ పొట్లం.

“గా పటేలు బండ్ల ఎట్ల ఎక్కుతవే అవ్వా?” అన్నాడు కృపాకర్.

“బండి ఆనిదైతే ఏంది, పాట నా కొడుకుది,” అంది యాదమ్మ. హరీష్ మనవడైనా ఆమెకు ఎప్పుడూ కొడుకే.

భార్య సుజాత రానంది. రెండేళ్లుగా ఆమె చర్చికి తప్ప ఎక్కడికీ పోవడం లేదు. “పాడితే నా పిలగాడు లేసొస్తడా? మీరు పాడుకోండ్రి,” అంది. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ తల ఎత్తకుండా అంది. కృపాకర్ నల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాడు.

*

హాలు నిండింది. ముందు వరుసల్లో సోఫాలు. నడిమి సోఫాలో హన్మంత్, ఒక పక్క పాస్టర్లు, ఇంకో పక్క ఆయన భార్య మనోరమ, కూతురు సాహితి. ఆ పిల్లను కృపాకర్ ఎన్నడూ చూడలేదు. ఎర్ర రంగు అక్షరాలనే చూశాడు. ఇంజనీరింగ్ చదివే బక్కపలచని పిల్ల. ఫోన్ పట్టుకుని వేదిక ఫొటోలు తీస్తోంది.

రేగొండ ఆడవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడిచారు. ఏసీ హాల్లో చెప్పులు విడిచింది వాళ్లే. నెత్తి మీద కొంగులు కప్పుకుని వెనక కుర్చీల్లో ఒత్తుగా కూర్చున్నారు.

రెక్వియెమ్ మొదలైంది. వయొలిన్లు లేచాయి, వాటి మీద ఆడపిల్లల గొంతులు లేచాయి, అన్నిటి కింద మోటు గొంతులు పరుచుకున్నాయి. కృపాకర్ చివరి వరుసలో, అన్నిటికన్నా ఎత్తు మెట్టు మీద, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎన్ని విరోధాలున్నా ఆ పాట మీద అతనికి కోపం లేదు. అందులో దేవుణ్ణి బతిమాలడమే ఉంది. ఎవడు చచ్చాడో లేదు, ఎవడు చంపాడో లేదు. అందుకేనేమో ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరైనా కాళ్ల మీద కాలు వేసుకుని వినవచ్చు. హన్మంత్ కళ్లు మూసుకుని తలూపుతున్నాడు. ఒక ముక్క అయిపోయి అంతా నిశ్శబ్దమైనప్పుడు వెనక నుంచి యాదమ్మ “స్తోత్రం” అంది. సోఫాల్లో ఎవరో నవ్వారు.

మొదటి భాగం అయిపోయాక చప్పట్లు మర్యాదగా పడ్డాయి. వాల్యా తల వంచి, “వచ్చేది నీదే,” అన్నాడు గొణుగుతూ. కృపాకర్ కాగితం రెండో భాగానికి తిప్పాడు.

దీపాలు తగ్గించారు. శోకాన్ని జ్యోత్స్న వేదిక మీద మొదలుపెట్టలేదు. ఆమె ఊళ్లో అంతా చూసి పెట్టుకుంది. చావుకు వచ్చే ఆడబిడ్డలు ఊరి బయట నుంచే శోకం ఎత్తుకుని ఎట్లా వస్తారో చూసింది. అదే పెట్టింది. హాలు వెనక తలుపులు తెరుచుకున్నాయి. నలుగురు పిల్లలు తెల్ల చీరల్లో, బుగ్గ పక్కన చిన్న మైకులతో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడుచుకుంటూ లోపలికి వచ్చారు. ముందు ప్రేమలత, మహబూబాబాద్‌లో నర్సింగ్ చదివే పిల్ల.

“ఓ నా కొడుకా... పొద్దుగాల పొయ్యొస్త అవ్వా అంటివి కొడుకా... అద్దం లెక్క బండి తుడుసుకుంటివి కొడుకా...”

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. అంత బాగా పాడింది ఆ పిల్ల. జ్యోత్స్న అన్నీ చూసింది గానీ ఒకటి మరిచిపోయింది. శోకంతో గుమ్మం లోపలికి వచ్చిన మనిషిని ఉత్తగా కూర్చుని చూడకూడదు. లోపలున్న ఆడవాళ్లు లేచి ఎదురుపోవాలి, మెడ పట్టుకోవాలి, కలిసి ఏడ్వాలి. ఒక్కదాన్నే ఏడ్వనిస్తే అంతకన్నా అవమానం లేదు. పట్నంలో పాట వినడం ఎట్లాగో ఆ ఆడవాళ్లకు తెలియదు. శోకం వినడం ఎట్లాగో తెలుసు.

కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు యాదమ్మ లేచింది. వెనక వజ్రమ్మ, ఆమె వెనక వాడంతా లేచింది. వట్టి కాళ్లతో నడిమి దారిలోకి వచ్చి నలుగురు పిల్లలనూ చుట్టుకున్నారు. యాదమ్మ ప్రేమలత మెడ పట్టుకుంది.

“ఎవలు పోయిన్రు బిడ్డా నీకు? నా తల్లీ, ఎవలు పోయిన్రు?”

ప్రేమలత బెదిరిపోయి జ్యోత్స్న చేతి వంక చూసింది. కొంచెం దూరం అట్లాగే పాడింది. ఆ తర్వాత ఆ పిల్లకు ఎవరు గుర్తొచ్చారో, పాట వదిలేసి ముసలామె భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మైకులో పడి హాలంతా నిండింది. వజ్రమ్మ చనిపోయిన తన మొగుణ్ణి తలుచుకుంటోంది. ఇంకొకామె ఎన్నడో పురిట్లో పోయిన చెల్లెల్ని తలుచుకుంటోంది. ఎవరి శోకం వాళ్లది, రాగం మాత్రం అందరిదీ ఒక్కటే.

జ్యోత్స్న చేయి గాలిలో ఆగిపోయింది. రెండుసార్లు తాళం కొట్టబోయి, ఆపి, మెల్లగా దించేసింది. వయొలిన్ల వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వేదిక మీద నలభై మందీ కాగితాలు పట్టుకుని నిలబడిపోయారు. చేయి ఆడకపోతే ఊఁ అనే చోటు రాదు. కృపాకర్ నోరు తెరిచే ఉంది. ఆ పేరు నాలుక మీదికి వచ్చి ఉంది. దాన్ని పెట్టడానికి చోటు లేకుండా పోయింది. కిందికి దిగుదామంటే ముందు మూడు వరుసల జనం. “జరగుండ్రి,” అన్నాడు. ఎవరూ వినలేదు, అందరూ కిందికే చూస్తున్నారు.

అప్పుడు హన్మంత్ లేచాడు. ఫోన్లన్నీ ఎత్తి ఉన్నాయి, ఛానెల్ వాళ్ల కెమెరా ఉంది. అంతమంది ఏడుస్తుంటే నాయకుడు సోఫాలో కూర్చుంటే బాగుండదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతులు జోడించుకుని ఆడవాళ్ల దగ్గరికి నడిచాడు.

యాదమ్మ ఆయన్ని చూసింది. ప్రేమలతను ఒక చేత్తో పట్టుకునే ఉండి, ఇంకో చేత్తో ఆయన రెండు చేతులూ కలిపి పట్టుకుంది. మైకు ఆమె నోటికి దగ్గరగానే ఉంది.

“సాహితని పేరు రాసుకున్న లారి నీకెదురొచ్చెనా నా కొడుకా... మలుపు కాడ నిన్ను మట్టిల కలిపెనా నా కొడుకా... హన్మంతు పటేలా, నీ ఇసుక నిండె, నా ఇల్లు ఎండిపాయె పటేలా... కండ్ల సూసినోళ్లంత కండ్లు మూసుకున్నరు పటేలా... ”

ఒక్క మాట పోలేదు. మధ్యలో రాగం తెగలేదు. మూడు జిల్లాల జనం ముందు, మైకులో, ఆ మనిషి చేతులు పట్టుకుని అంది. కృపాకర్ హన్మంత్ మొహం వైపే చూశాడు. ఇప్పుడు ఏదో ఒకటి అవుతుంది అనుకున్నాడు.

వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కవాళ్లు అందుకున్నారు. కాసేపటికి హాలంతా లేచి నిలబడి కొట్టింది. ఏం గొప్పగా చేశారు, జనంలోనే మనుషుల్ని కూర్చోబెట్టి లేపారే అని సోఫాల వాళ్లు మెచ్చుకున్నారు. ఇది ఆటలో భాగం కాదని తెలిసినవాళ్లూ ఉన్నారు. భూపాలపల్లి దిక్కు వాళ్లకు ఆ లారీ తెలుసు, ఆ మలుపు తెలుసు, హరీష్ తెలుసు. వాళ్లూ కొట్టారు. అందరూ కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఎవరి వల్ల అవుతుంది?

హన్మంత్ తల దించుకుని విన్నాడు. శోకంలో అన్నదానికి కోపం తెచ్చుకోకూడదు కదా, తెచ్చుకోలేదు. ఆ నియమం ఇన్నాళ్లూ ఏడ్చేవాళ్లకు అండ అనుకున్నాడు కృపాకర్. అది అవతలివాడికి కూడా గొడుగు పడుతుందని అక్కడ మెట్టు మీద నిలబడి చూశాడు. హన్మంత్ యాదమ్మ వీపు నిమిరాడు. చెయ్యి చాపితే ఎవరో మంచినీళ్ల సీసా అందించారు. మూత తీసి ఆయనే ఇచ్చాడు.

“ఊకో అవ్వా. ముఖం కడుక్కో.”

ఏడ్చే ఆడదాన్ని ఊరుకోబెట్టి నీళ్లిచ్చేది ఇంటి మగవాడు. నీళ్లిచ్చాక ఇక ఏడ్వకూడదు. యాదమ్మ ఎన్ని చావుల్లో ఎంతమంది చేతుల నుంచి ఆ నీళ్లు తీసుకుందో, చేతికి అలవాటు. తీసుకుంది. ముఖం తడుపుకుంది. శోకం ఆగిపోయింది. కృపాకర్ అప్పటికి ఇంకా రెండో వరుసలో ఇరుక్కుని ఉన్నాడు.

హన్మంత్ మైకు తీసుకున్నాడు. ఈ తల్లుల కన్నీళ్లు తనను కదిలించాయన్నాడు. రోడ్డు మీద పిల్లలు జాగ్రత్తగా పోవాలన్నాడు. హెల్మెట్ పెట్టుకోవాలన్నాడు. మళ్లీ చప్పట్లు.

*

పొద్దు ఇంకా ఉంది. హాలు వెనక పార్కింగ్‌లో రేగొండ ఆడవాళ్లు డీసీఎం చుట్టూ కూర్చుని బిర్యానీ తింటున్నారు. బాగా ఏడ్చిన తర్వాత వచ్చే నెమ్మది వాళ్ల మొహాల్లో ఉంది. ‘ముక్క ఉడకలే’ అని వజ్రమ్మ సణుగుతోంది. కృపాకర్ ఎడంగా గోడ పక్కన నిలబడ్డాడు. జ్యోత్స్న వెతుక్కుంటూ వచ్చింది. ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“అన్నా, నేను రాసిందంతా ఒక దిక్కు, అవ్వ చేసింది ఒక దిక్కు. హైదరాబాద్‌ల కూడా పాడుమని అప్పుడే ఇద్దరు అడిగిన్రు. అవ్వను తీసుకొస్తవా?”

“తీసుకొస్త మేడం. గని చేతులు పట్టుకుని ఏడ్వనీకి ఆడ మీకు ఓ పటేల్ దొరకాలె గద.”

ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. అతని మొహం చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ పిల్లను అట్లా అనాల్సింది కాదని అతనికీ తెలుసు. అనగలిగినవాళ్లనే అంటాం, అనాల్సినవాళ్లను కాదు.

“అంకుల్!”

సాహితి. చేతిలో ఫోన్. పరుగెత్తుకు వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

“ఆ అవ్వ మీ అమ్మగారంట కదా? వజ్రమ్మ అని ఒకామె చెప్పింది. సూపర్ అంకుల్. నేను ఇట్లాంటిది ఎప్పుడూ చూడలేదు. మా అమ్మయితే ఒకటే ఏడుపు.” ఫోన్ అతని ముందు పెట్టింది. తెరమీద యాదమ్మ, హన్మంత్ చేతులు. “ఇక్కడ చూడండి, అవ్వ నా పేరు పాడింది. సాహితి అని క్లియర్‌గా వినిపిస్తుంది. తర్వాతది ఆ రాగంలో నాకు అర్థం కాలేదు. నా పేరెట్లా తెలుసు అవ్వకు? ఏమని పాడింది?”

కృపాకర్ ఆ పిల్ల మొహం చూశాడు. అందులో కపటం లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది. రెండేళ్లలో ఆ సంగతి అతన్ని అడిగిన మొదటి మనిషి ఆమె. పోలీసులు అడగలేదు, పాస్టరు అడగలేదు, ఊరికి ముందే తెలుసు కనుక అడగలేదు. చెప్పకపోతే పోయేది. ‘నిన్ను దీవించింది బిడ్డా’ అంటే నవ్వుకుంటూ వెళ్లిపోయేది.

“నా కొడుకు పేరు హరీషు,” అన్నాడు. “నీకంటే నాలుగేండ్లు పెద్దగుంటుండె. టేకుమట్ల కాడ లారీ గుద్ది సచ్చిండు. ఇసుక లారీ. మీ నాయినది. దాని మీద నీ పేరు రాసుండె. గదే పాడింది మా అవ్వ. నీ పేరు కిందనే పడి సచ్చిండు నా కొడుకు.”

ఆఖరు మాట అక్కర్లేదు. అది లేకపోయినా ఆమెకు అర్థమయ్యేది. అయినా అన్నాడు. సాఫుగా, తీగ చుట్ట తెంపినట్టు అన్నాడు.

సాహితి పెదవుల మీద నవ్వు వెంటనే పోలేదు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అట్లాగే ఉండిపోయింది. ఫోన్‌లో వీడియో ఇంకా నడుస్తోంది. బొటనవేలితో దాన్ని ఆపబోతే ఆగలేదు, రెండుసార్లు నొక్కింది.

“డాడీకి తెలుసా?”

“ఇందాక చేతులు పట్టుకుని చెప్పింది గద.”

“కాదు... అంతకుముందు?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నాకు ఎవరూ చెప్పలేదు అంకుల్. నేనిప్పుడు ఏం చెయ్యాలి?”

అడిగి ఆమె నిజంగానే జవాబు కోసం నిలబడింది. రెండేళ్లుగా కృపాకర్ చెప్పడం గురించే ఆలోచించాడు. ఏ గొంతుతో చెప్పాలి, ఏ చోట చెప్పాలి, ఎంతమంది వినాలి అని లెక్కలు వేసుకున్నాడు. విన్నవాళ్లు తర్వాత ఏం చేయాలో ఒక్కనాడూ ఆలోచించలేదు. చెబితే చాలు, అదే ఏదో చేస్తుంది అనుకున్నాడు. ఇప్పుడు చెప్పాడు. ఎదురుగా ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది, అంతే. గుండెలో బరువు వీసమెత్తు తగ్గలేదు. పైగా నోరంతా చేదైంది.

“సాహితీ!” అవతల కారు దగ్గర నుంచి హన్మంత్ పిలిచాడు. చుట్టూ మనుషులు, భుజం మీద కప్పిన శాలువా.

“పో బిడ్డా,” అన్నాడు కృపాకర్. “మీ నాయిన పిలుస్తున్నడు.”

ఆమె కళ్లు తుడుచుకుంది. మెల్లగా నడిచింది. కారు దగ్గర ఆగి తండ్రి మొహంలోకి చూసింది. ఏమైందిరా అన్నట్టు ఆయన వంగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు.

ఆ చెయ్యి తీసేస్తుందేమోనని కృపాకర్ కళ్లార్పకుండా చూశాడు. తీసేయలేదు. కారెక్కింది. తండ్రి ఆమె పక్కనే ఎక్కి కూర్చున్నాడు.